ఇంటిలో నీరు చొచ్చినప్పుడు: ఆరోగ్య రక్షణ, బీమా పరిహారము

బిలాస్‌పూర్ పట్టణము గుండా అర్పానది ప్రవహించుచున్నది. పేండ్రా ప్రాంతమున పుట్టి శివనాథ్ నదిలో కలియు ఈ నదిలో వేసవియందు ఇసుక తిన్నెలే కనుపించును. వానకాలమున నీరు ఒక్కసారిగా వచ్చిపడును. నది పొంగకున్నను, మురుగుకాలువలు పూడిపోయినచో పల్లపు వీధులలోని ఇండ్లలోనికి నీరు చొచ్చును. పైకప్పు కారుట, మేడమీది నీటితొట్టి పగులుట, గోడలోని గొట్టము చిట్లుట మొదలగునవియు ఇంటిని తడిపివేయును.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము మొదలుకొని ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఈ పట్టణమున స్థిరపడినవి. 2003వ సంవత్సరము నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రము. కొందరు రైల్వే క్వార్టర్లలోను, కొందరు అద్దె ఇండ్లలోను, మరికొందరు సొంత ఇండ్లలోను నివసించుచున్నారు. ఇల్లు ఎవరిదైనను, నీరు చొచ్చినప్పుడు గృహస్థునకు రెండు భయములు కలుగును. తడిసిన సామాను వెంటనే తీసివేసినచో బీమావారు నష్టమును నమ్మరేమో యని ఒక భయము. తీయకున్నచో పిల్లలకు జబ్బు చేయునేమో యని మరియొక భయము. ముందు ప్రాణము, తరువాత సాక్ష్యము, ఆ వెంటనే శుభ్రత అను క్రమమును పాటించినచో ఈ రెండు భయములకును తావుండదు.

మొదట చేయవలసిన పని

నీటిలో కాలు పెట్టుటకు ముందు విద్యుచ్ఛక్తిని గూర్చి ఆలోచించవలెను. మెయిన్ స్విచ్చి పొడిగానున్న చోట ఉన్నచో దానిని ఆపివేయవలెను. అచ్చటికి పోవుటకు నీటిలో నడువవలసి వచ్చినచో ఆ ప్రయత్నము మాని, విద్యుత్ శాఖ వారికి కబురు చేయవలెను. తడిసిన ఫ్రిజ్, ఫ్యాను, మోటారు మున్నగువానిని మిస్త్రీ పరీక్షించువరకు నడుపరాదు. గ్యాసు సిలిండరు కవాటమును మూసివేయవలెను. పైకప్పు ఉబ్బి వ్రేలాడుచున్న గదిలో ఎవరును నిలువరాదు.

వీధి నుండి వచ్చిన నీటిలో మురుగు కలిసియుండును. ఎలుకల మూత్రము కలిసిన నీరు కాళ్ల పుండ్లకు, పగుళ్లకు తగిలినచో ఎలుకజ్వరము వచ్చుట కలదు. కావున రబ్బరు బూట్లు, చేతి తొడుగులు ధరించి పని చేయవలెను. పిల్లలను ఆ నీటిలో ఆడనీయరాదు. నీటిలో దిగిన తరువాత కొద్ది దినములలో జ్వరము, పిక్కల నొప్పులు, కన్నులు ఎఱ్ఱబారుట కనుపించినచో వెంటనే వైద్యుని కలిసి, నీటిలో దిగిన సంగతి చెప్పవలెను.

సాక్ష్యము నిలుపుకొనుట

సామాను కదల్పక పూర్వమే సెల్‌ఫోనుతో ప్రతి గదిని, గోడపై నీరు నిలిచిన గుర్తును, పాడైన ప్రతి వస్తువును ఫోటో తీయవలెను. వస్తువు పేరు, కొన్న సంవత్సరము, వెల ఒక కాగితముపై వ్రాసికొనవలెను. బీమా సంస్థకు ఆ దినముననే తెలియజేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను.

సర్వేయరు వచ్చి చూచువరకు తడిసిన పరుపును పడకగదిలోనే ఉంచవలెనని కొందరు తలంతురు. ఇది పొరపాటు. నష్టము మరింత పెరుగకుండ తగిన జాగ్రత్త తీసికొనుట బీమాదారుని బాధ్యతయే. పాడైన వస్తువులను వరండాలోనో పెరటిలోనో విడిగా పేర్చి, సర్వేయరు చూచుటకు నిలిపి ఉంచవలెను. బీమావారి అనుమతి లేక వానిని అమ్మరాదు, ఇతరుల కీయరాదు. దుర్వాసన వలన ఉంచుటకు వీలుకానిచో, ఆ సంగతి బీమావారికి తెలిపి, ఫోటోలు తీసి, చిన్న ముక్కను మచ్చునకు దాచి, మిగిలినది పారవేయవలెను.

ఎండబెట్టుట, శుభ్రపరచుట

తడిసిన వస్తువులపై ఒకటి రెండు దినములలోనే బూజు పట్టనారంభించును. ఆ బూజు గాలిలో కలిసి ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు, వృద్ధులకు శ్వాసబాధ కలిగించును. నీరు తోడివేసి, కిటికీలు, తలుపులు తెరచి, గాలి ఆడనీయవలెను. మురుగునీరు పీల్చుకొన్న దూది పరుపులను, దిండ్లను తిరిగి వాడరాదు. నేలను, గోడలను ముందు సబ్బునీటితో కడిగి, తరువాత లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి తుడువవలెను. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. గోడ లోపల పూర్తిగా ఆరక పూర్వము సున్నము గాని రంగు గాని వేసినచో తేమ లోపలనే నిలిచి బూజు మరల పైకి వచ్చును.

వరదనీరు తగిలిన బియ్యము, పిండి, కూరలు పారవేయవలెను. త్రాగునీటిని తెర్లు వచ్చిన పిదప మరియొక నిమిషము మరగించి చల్లార్చవలెను. విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై సూచించిన ప్రకారము పరిశుభ్రమైన నీటిలో కలిపి త్రాగించుచు, వైద్యుని సంప్రదించవలెను.

బీమా పరిహారము

2021 ఏప్రిల్ 1వ తేదీ నుండి సామాన్య బీమా సంస్థలు ‘భారత్ గృహ రక్షా’ అను ప్రామాణిక పాలసీని అమ్ముచున్నవి. వరద, తుపాను, నీటితొట్టెలు, గొట్టములు పగులుట లేక పొర్లుట వలన కలుగు నష్టములు దీనిలో చేరియున్నవి. ఇంటికి గాని, సామానునకు గాని, రెంటికిని గాని బీమా చేయవచ్చును. కావున క్వార్టర్లలోను అద్దె ఇండ్లలోను ఉండువారు తమ సామానునకు మాత్రము బీమా చేసికొనవచ్చును. క్వార్టరు గోడలకు, పైకప్పునకు కలిగిన నష్టమును రైల్వే ఇంజనీరింగు విభాగమునకు వ్రాతమూలముగా తెలుపవలెను.

క్లెయిము పత్రమును నష్టము గుర్తించిన నాటి నుండి 30 దినములలోగా దాఖలు చేయవలెను. పాలసీ నకలు, ఫోటోలు, వస్తువుల జాబితా, రసీదులు, మరమ్మతు అంచనా దానితో జతపరచవలెను. ఏండ్ల తరబడి పట్టించుకొనని చెమ్మ, సహజమైన అరుగుదల బీమా క్రిందికి రావు.

పరిహారము నిరాకరింపబడినను, తక్కువగా ఈయబడినను మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను, సంవత్సరము లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. ఛత్తీస్‌గఢ్ వారికి ఈ కార్యాలయము భోపాల్‌లో కలదు. ఇందుకు రుసుము లేదు. వకీలును పెట్టుకొన నవసరము లేదు.

వానకాలమునకు ముందే చేయవలసినవి

జూను రాకమునుపే పైకప్పును, నీటితొట్టిని, కాలువను చూపించి బాగుచేయించవలెను. పాలసీని, రసీదులను పాలిథీన్ సంచిలో పెట్టి ఎత్తైన చోట ఉంచవలెను. వాని ఫోటోలు వేరే ఊరిలోని బంధువునకు పంపి యుంచుట మంచిది. సామాను పోయినచో మరల కొనుక్కొనవచ్చును. దాని కొరకు తడి ఇంటిలో పసిబిడ్డను పండుకొనబెట్టుట ఏ పరిహారమును తీర్చలేని నష్టము.