వైద్య ఖర్చు, నాణ్యత: పోల్చి చూసుకునే హక్కు రోగిదే

ప్రత్యేక వ్యాసం

బంగారమైనా, బట్టలైనా నాలుగు దుకాణాలు తిరిగి కొనే కుటుంబం ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే ఆ అలవాటును మరచిపోతుంది. భయం, తొందర, సమాచార లేమి ఇందుకు కారణాలు. ఖర్చు ఎంతో తెలిసేసరికి పొలం తాకట్టు పెట్టవలసిన పరిస్థితి ఏర్పడుతున్నది. ధర, నాణ్యతల వివరాలు ముందుగానే రోగికి అందితే ఈ భారం కొంతైనా తగ్గుతుంది.

చట్టం ఏమి చెబుతున్నది?

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010 కింద కేంద్రం 2012లో రూపొందించిన నియమావళి ప్రకారం, ప్రతి వైద్య సంస్థ తన సేవల ధరలను అందరికీ కనిపించే చోట స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను ప్రదర్శించాలి. ఈ చట్టాన్ని తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణకు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉన్నది.

ధర బయటపడితే కలిగే మేలుకు 2017 సంవత్సరం నిదర్శనం. ఆ ఏడాది ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతవరకు లక్ష రూపాయలకు పైబడి అమ్ముడవుతున్న మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. స్టెంటు ధర, బ్రాండు, బ్యాచ్ సంఖ్యలను బిల్లులో విడిగా చూపాలని కూడా ఆదేశించడం జరిగింది. అదే ఏడాది ఆగస్టులో మోకీలు మార్పిడి పరికరాలకు సైతం ధరల పరిమితి విధించబడింది.

పోల్చడం ఎలా?

రెండు ఆసుపత్రుల 'ప్యాకేజీ' మొత్తాలను మాత్రమే చూస్తే పొరపడే ప్రమాదం ఉన్నది. ఒకచోట మందులు, ఇంప్లాంటు, ఐ.సి.యు. అద్దె అందులో కలిసి ఉండవచ్చు. మరొకచోట అవి అదనం కావచ్చు. గది స్థాయి పెరిగితే శస్త్రచికిత్స రుసుము కూడా పెరిగే ఆసుపత్రులు ఉన్నాయి. కనుక ఏవి కలిసి ఉన్నాయో, ఏవి లేవో రాతపూర్వక అంచనా అడిగి తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (సి.జి.హెచ్.ఎస్.) ధరలు, ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ధరలు కొలమానంగా ఉపయోగపడతాయి.

నాణ్యత విషయంలో ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు ఆసుపత్రులకు, ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు రోగనిర్ధారణ కేంద్రాలకు ప్రామాణికం. ఎన్.ఎ.బి.హెచ్.లో ప్రవేశ స్థాయి ధ్రువీకరణ వేరు, పూర్తి గుర్తింపు వేరు. ఈ తేడాను గమనించాలి. గుర్తింపు ఆసుపత్రి పద్ధతులకు సంబంధించినదే గాని, చికిత్స ఫలితానికి హామీ కాదు. ఆ శస్త్రచికిత్స ఏడాదికి ఎన్ని జరుగుతున్నాయి, ఇన్‌ఫెక్షన్లు ఎంత శాతం, తిరిగి చేరవలసి వచ్చినవారు ఎందరు అని వైద్యులను నేరుగా అడగడంలో తప్పు లేదు. ధర ఎక్కువైనంత మాత్రాన నాణ్యత ఎక్కువని భావించరాదు.

రికార్డులు, రెండో అభిప్రాయం

భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం, రోగి కోరిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. రికార్డులు చేతిలో ఉంటేనే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం సాధ్యమవుతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం, ధరల పారదర్శకత, మందులను నచ్చిన చోట కొనుగోలు చేసుకునే హక్కు చోటుచేసుకున్నాయి.

అయితే ప్రాణాపాయ స్థితిలో ధరలు పోల్చుతూ కాలయాపన తగదు. అత్యవసర చికిత్స అందించడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. పోలిక ముందుగా నిర్ణయించుకోగల చికిత్సలకే వర్తిస్తుంది.

ధరల పట్టిక గోడపై ఉన్నదా, తెలుగులో ఉన్నదా, బిల్లు దానికి సరిపోతున్నదా అన్నవి తనిఖీకి వెళ్లే అధికారి, వార్త రాసే విలేకరి కూడా పరిశీలించదగిన అంశాలు. గోడపై రాసిన ధర బిల్లులోనూ అదే అయినప్పుడే చట్టం ఉద్దేశం నెరవేరుతుంది.