ఆకలి రుచెరుగదు: ఆకలిని నియంత్రించే మెదడు వ్యవస్థ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగువారి వ్యవహారంలో ఆకలికి స్థానం కడుపు. ‘కడుపు మాడ్చుకోవడం’, ‘కడుపులో ఎలుకలు పరుగెత్తడం’ వంటి జాతీయాలు ఇందుకు నిదర్శనం. అతిగా తినేవారిని ‘తిండిపోతు’ అనడంలో అది వారి స్వభావదోషమనే తీర్పు కూడా ఇమిడి ఉంది. అయితే కడుపు నుండి, కొవ్వు నుండి వచ్చే సంకేతాలను ఆకలిగా మార్చేది మెదడు. దీనిని వెల్లడించిన పరిశోధనలను వివరించి, పై తీర్పును పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఆకలి కేంద్రం:

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. 1940లో హెథరింగ్టన్, రాన్సన్ ఎలుకలలో దీని మధ్యప్రాంతాన్ని దెబ్బతీసినప్పుడు అవి విపరీతంగా లావెక్కాయి. 1951లో భారతీయ శరీరధర్మ శాస్త్రవేత్త బి.కె. ఆనంద్, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి దాని రెండు పక్కభాగాలనూ దెబ్బతీయగా ఎలుకలు తినడమే మానేశాయి. ఆకలికీ, తృప్తికీ వేర్వేరు కేంద్రాలున్నాయన్న భావన దీనితో బలపడింది.

2. ఆకలి కణాలు - తృప్తి కణాలు:

తరువాతి పరిశోధనలు కేంద్రాల నుండి నాడీకణాల వైపు మళ్ళాయి. హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ న్యూక్లియస్‌లో పరస్పర విరుద్ధంగా పనిచేసే రెండు కణసమూహాలున్నాయి. ఏజీఆర్‌పీ కణాలు తినమని ప్రేరేపిస్తాయి. పీఓఎంసీ కణాలు చాలునని సూచిస్తాయి. 1994లో ఫ్రీడ్‌మన్ బృందం గుర్తించిన లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల నుండి వెలువడి మొదటివాటిని అణచి, రెండవవాటిని ఉత్తేజపరుస్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ జీర్ణాశయం నుండి వెలువడి ఏజీఆర్‌పీ కణాలను ప్రేరేపిస్తుంది. 2011లో ఈ కణాలను కాంతితో ఉత్తేజపరచగా, కడుపు నిండిన చిట్టెలుకలు సైతం కొద్ది నిమిషాలలోనే తినడం ప్రారంభించాయి.

3. నోరూరడం - రుచెరుగకపోవడం:

ఆకలిగొన్న చిట్టెలుకకు ఆహారం కనబడగానే, తొలి ముద్ద నోట పెట్టకముందే, ఏజీఆర్‌పీ కణాల చురుకుదనం తగ్గిపోతుందని 2015లో తేలింది. అంటే మెదడు జరిగినదానిని కొలవడమే కాక, జరగబోయేదానిని ముందుగా అంచనా వేస్తుంది. నోరూరడం వేరొక ప్రక్రియే అయినా అదీ ఇటువంటి ముందస్తు స్పందనే. ‘ఆకలి రుచెరుగదు’ అన్న సామెతకూ ప్రయోగశాలలో సమర్థన లభించింది. ఉపవాసమున్న చిట్టెలుకలలో చేదుపట్ల విముఖత తగ్గుతుందనీ, అందులో ఈ కణాలకే పాత్ర ఉందనీ 2019 నాటి పరిశోధన తెలిపింది.

4. లెప్టిన్ లేని పిల్లలు:

1997లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు, పుట్టుకతోనే లెప్టిన్ లోపించిన ఇద్దరు పిల్లలను గురించి ప్రకటించారు. ఎంత తిన్నా తీరని ఆకలితో వారు విపరీతమైన స్థూలకాయులయ్యారు. వారిలో ఒకరికి లెప్టిన్ ఇంజెక్షన్లు ఇవ్వగా తిండీ, బరువూ రెండూ తగ్గాయని 1999లో వెల్లడైంది. ఇక్కడ మారినది స్వభావం కాదు, ఒక హార్మోను. అయితే ఇటువంటి లోపం అత్యంత అరుదు. స్థూలకాయులలో ఎక్కువమందికి లెప్టిన్ అధికంగానే ఉంటుంది. దానికి మెదడు స్పందించడమే తగ్గుతుంది. కనుక ఈ ఒక్క ఉదాహరణతో స్థూలకాయాన్నంతటినీ వివరించలేము.

ముగింపు:

తినడంలో అలవాటుకూ, అందుబాటుకూ, సంకల్పానికీ పాత్ర లేదని ఈ పరిశోధనలు చెప్పవు. ఆ సంకల్పం ఎదుర్కోవలసిన ఆకలి మాత్రం అందరిలోనూ ఒకే తీవ్రతతో ఉండదని చెబుతాయి. ఆకలి రుచెరుగదని గ్రహించిన భాషలోనే ‘తిండిపోతు’ అన్న మాటా ఉంది. మొదటిది అనుభవం నుండి పుట్టిన పరిశీలన; రెండవది ఎదుటివారి ఆకలిని ఎరుగని తీర్పు.