ఊసరవెల్లి పిల్లల పెంపకము

ఊసరవెల్లి అనగానే మనకు స్ఫురించునది మాటమీద నిలువని మనిషి. ఈ అపకీర్తి ఆ మూగప్రాణికి అన్యాయముగా అంటినది. అది ఎవరినో వంచించుటకు రంగులు మార్చదు. చలివేసినపుడు, భయపడినపుడు, తోటి ఊసరవెల్లి ఎదురైనపుడు దాని రంగు మారును. చర్మమునందలి అతిసూక్ష్మములైన స్ఫటికముల అమరిక మారుటయే ఇందుకు ముఖ్యకారణమని జినీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కరు జాతి ఊసరవెల్లులను పరిశీలించి 2015లో వెల్లడించిరి. కావున పెంచువారికి ఆ రంగు ఒక భాష. ఆ భాష నేర్చినవారి చేతిలోనే పిల్ల బ్రదుకును.

ముందుగా ఒక హెచ్చరిక. మన తెలుగునేలమీద చెట్లపై కనిపించు ఊసరవెల్లి వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. దానిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. మేమిచట చెప్పబోవునది ఎమెను, సౌదీ అరేబియా దేశములకు చెందినదియు, తలపై ఎత్తైన కిరీటము కలదియు నగు జాతిని గూర్చి. అమెరికాలోను, ఐరోపాలోను దీని గ్రుడ్లను ఇండ్లలోనే పొదిగించి పిల్లలను విక్రయించుచున్నారు. అచట కాపురమున్న మనవారి పిల్లలు ఇట్టి ప్రాణి కావలెనని మారాము చేసినచో, తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

గ్రుడ్డు పొదుగుటకు ఆరు నుండి తొమ్మిది నెలలు పట్టును. బయటపడిన పిల్ల తోకతో సహా సుమారు 7 సెంటీమీటర్లుండును. తల్లి దానిని సాకదు. పుట్టిన నాటినుండియు దాని బ్రదుకు దానిదే. అంత పసిదానిని తెచ్చుకొనుట క్రొత్తవారికి తగదు. రెండు మూడు నెలలు నిండి, చురుకుగా తినుచున్న పిల్లను ఎంచుకొనుట మేలు.

పిల్లలు తరచుగా చనిపోవుటకు నీటికొరత ఒక కారణము. గిన్నెలో నీరు పోసియుంచితిమి గదా యని మనము నిశ్చింతగా నుందుము. కాని ఊసరవెల్లి నిలువనీటిని సాధారణముగా గుర్తింపదు. ఆకులపై నిలిచిన బిందువులను నాలుకతో అందుకొనుట దాని అలవాటు. కావున ఉదయము, సాయంకాలము ఆకులపై సన్నని తుంపరలు చల్లవలెను. పిదప గూడు ఆరవలెను. ఎడతెగని తేమ ఊపిరితిత్తులకు చేటు. గాలి ఆడు వలగూడు ఇందుకు శ్రేష్ఠము. గూటిలో మందారపు మొక్క నుంచిన మంచిది. ఈ జాతి అప్పుడప్పుడు ఆకులను కూడ కొరుకును గనుక మందులు చల్లిన మొక్క పనికిరాదు.

రెండవది వెలుగు. సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములు చర్మమును తాకినపుడు దేహములో డి విటమిను తయారగును. అది లేనిచో తిన్న సున్నపుధాతువు ఎముకలకు పట్టదు. కాళ్లు వంగిపోవును, దవడ మెత్తబడును, నాలుక విసరుటకు శక్తి చాలదు. కిటికీ అద్దము ఆ కిరణములను అడ్డగించును గనుక అద్దము చాటు ఎండ అక్కరకు రాదు. అందులకే ప్రత్యేకమైన దీపము కావలెను. ఆ దీపము వెలుగుచున్నట్లే కనిపించినను కొన్ని నెలలకు కిరణబలము ఉడిగిపోవును. తయారుచేసినవారు చెప్పిన గడువులో దానిని మార్చవలెను.

ఆహారము బ్రదికియున్న పురుగులే. పసిపిల్లలకు పండ్లఈగలు, అప్పుడే పుట్టిన కీచురాళ్లు తగును. పురుగు పిల్ల రెండు కన్నుల నడిమి వెడల్పును మించరాదు. దినమునకు రెండు మూడు మారులు, సున్నపుధాతువు పొడిని పలుచగా అద్ది పెట్టవలెను. మిగిలిన పురుగులను రాత్రి గూటిలో విడువరాదు. అవి నిద్రించు పిల్లను కొరుకును.

గూటి పైభాగమున ఒకచోట 27 నుండి 29 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యుండి, క్రిందుగా చల్లని తావుండవలెను. అపుడు పిల్ల తనకు కావలసిన చోటికి తానే చేరుకొనును. రాత్రి దీపములన్నియు ఆర్పవలెను. పిల్లలు ఎదిగినకొలది వేరువేరు గూళ్లకు మార్చవలెను. ఒకటి కరవకున్నను, ఎదుట మరియొకటి యున్నదను బెదురుతోనే బలహీనమైనది తిండి మానివేయును.

చేతిలోనికి తీసికొని లాలించుట పిల్లలకు ముచ్చట. ఊసరవెల్లికి మాత్రము శత్రువు పట్టుకొన్నట్లే. దానిని చూచి ఆనందింపవలెనే గాని ఎత్తుకొనరాదు.

అడవిలో జబ్బుపడినదానిని శత్రువు మొదట కబళించును గనుక ఈ ప్రాణి తన రోగమును దాచుకొనును. కన్నులు లోనికి పోయినను, పగటివేళ మూసియున్నను, తెల్లగా నుండవలసిన మూత్రపు ముద్ద నారింజరంగునకు తిరిగినను, ఒడలు ఎడతెగక నల్లబడియున్నను, రేపు చూతమని ఊరకుండరాదు. సరీసృపముల వైద్యమెరిగిన పశువైద్యుడు ఊరిలో ఉన్నాడో లేడో పిల్లను తెచ్చుటకు ముందే విచారించుకొనవలెను. చక్కగా సాకినచో ఇది అయిదేండ్లు, అంతకు మించియు జీవించును. అన్నేండ్లు తుంపరలు చల్లు ఓపిక ఇంటిలో ఎవరికున్నదో ముందుగా తేల్చుకొనుడు. ఎవరికిని లేకున్నచో, వద్దని బిడ్డకు నచ్చజెప్పుటయే ఆ ప్రాణికి చేయగల ఉపకారము.