గది దొరికితే అక్కలు దొరికినట్టే

కల్యాణదుర్గం బస్సు దిగి అనంతపురంలో డిగ్రీలో చేరే పిల్లను మొదట అడిగేది ‘ఏ గ్రూపు?’ అని కాదు, ‘యాడుంటావు మే?’ అని. వాన కురిస్తేనే శెనక్కాయలు, శెనక్కాయలు పండితేనే ఫీజు. ఇలాంటి సీమలో ఆడపిల్ల చదువు చాలాసార్లు హాస్టల్ గది దగ్గరే తేలిపోతుంది.

అమెరికాలో కాలేజీ అమ్మాయిలకు ముందు సంఘం, తర్వాత ఉండే ఇల్లు. 1867లో ఇల్లినాయి రాష్ట్రపు మన్మత్ కాలేజీలో పన్నెండుమంది విద్యార్థినులు పెట్టుకున్న రహస్య సంఘమే నేటి పై బీటా ఫై. ఇలాంటి విద్యార్థినుల సంఘానికి ‘సొరారిటీ’ అన్న మాట అప్పటికింకా పుట్టలేదు. 1874లో సిరక్యూస్‌లో మొదలైన గామా ఫై బీటా కోసం ఒక లాటిన్ పంతులు ఆ మాటను తయారుచేశాడు. లాటిన్‌లో ‘సొరార్’ అంటే అక్కో చెల్లెలో తేలదు. మనకు అది తేలందే మాటే మొదలవదు!

తెలుగునేల మీద దీనికి దగ్గరి కథ వాల్తేరులో జరిగింది. 1930ల్లో దుర్గాబాయి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదువుతానంటే, ఆడవాళ్లకు హాస్టల్ లేదు కనుక సీటు ఇవ్వలేమన్నారు. అలా అన్నది వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, మన చిత్తూరు జిల్లా పెద్దమనిషే. ఆమె బతిమాలుతూ కూర్చోలేదు. హాస్టల్ లేక చదువు ఆగినవాళ్లుంటే తనకు రాయమని పత్రికల్లో ప్రకటన వేయించింది. పదిమంది దాకా కలిశారు. ఇల్లు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక కట్టమంచివారికి చెప్పడానికి సాకు మిగల్లేదు. ఆ పదిమంది గుంపుకు గ్రీకు అక్షరాలూ బిళ్లలూ ఏమీ లేవు, నా లెక్కలో మాత్రం మన మొదటి సొరారిటీ అదే. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన చెయ్యీ ఆమెదే.

అనంతపురంలో సత్యసాయి మహిళా కళాశాల 1968లో మొదలైంది. హాస్టల్ అక్కడి చదువులో భాగమే. 

మళ్లీ సొరారిటీల సంగతికి వస్తే, 1998 నవంబరు, డిసెంబరు నెలల్లోనే అమెరికాలో దక్షిణాసియా అమ్మాయిల సొరారిటీలు మూడు పుట్టాయి: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో.

ఈ సంఘాల లోకంలో కొత్తవాళ్లను ‘పరీక్షించే’ పాత అలవాటు ఒకటుంది. అక్కడా చాలా రాష్ట్రాల్లో అది నేరమే. ఇక్కడ దాని పేరు ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధిస్తూ 1997లోనే చట్టం చేసింది.