కరీంనగర్‌లో ఎక్కువైన ఆపరేషన్లు, ఆసిఫాబాద్‌లో దూరమైన ఆసుపత్రి: కాన్పుకు ముందు మీరు తెలుసుకోవాల్సినవి

మీ ఇంట్లో గర్భిణి ఉంటే మీరు వినే మొదటి ప్రశ్న ‘ఎన్నో నెల?’ అయితే, రెండోది ‘నార్మలా, ఆపరేషనా?’. ఉత్తర తెలంగాణలో ఈ రెండో ప్రశ్నకు జవాబు మీరు ఏ జిల్లాలో ఉన్నారన్న దాన్ని బట్టి చాలావరకు మారిపోతోంది.

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగర్ జిల్లాలో ప్రతి 100 కాన్పుల్లో 82కు పైగా సిజేరియన్లే. ఆ సర్వేలో దేశంలోనే అత్యధిక శాతాల్లో ఇదొకటి. అక్కడికి మూడు నాలుగు గంటల ప్రయాణ దూరంలో, ఒకప్పుడు ఉమ్మడి ఆదిలాబాద్‌లో భాగమైన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఆ సంఖ్య సుమారు 27. తెలంగాణ సగటు 60.7 శాతం, దేశ సగటు 21.5 శాతం.

పక్కపక్క ప్రాంతాల్లోని ఆడవాళ్ల శరీరాల్లో ఇంత తేడా ఉండదు. తేడా ఉన్నది వాళ్లకు అందుతున్న వైద్యంలో. ఒకచోట అవసరం లేకున్నా కోత పడుతోంది. మరోచోట అవసరమైన ఆపరేషన్ సమయానికి అందుతుందో లేదో తెలియదు. తల్లికి రెండూ ప్రమాదమే.

ఎన్ని సిజేరియన్లు జరిగితే సరి?

ఒక ప్రాంతంలో సిజేరియన్లు 10 శాతం దాటి పెరిగినంత మాత్రాన తల్లుల, శిశువుల మరణాలు అంతకంటే తగ్గుతున్నట్లు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఏదో ఒక శాతాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం కన్నా, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలని కూడా అదే ప్రకటనలో సూచించింది.

జిల్లా శాతం మీ ఇంటి నిర్ణయం కాదని గుర్తుంచుకోండి. కరీంనగర్‌లో ఉన్నంత మాత్రాన మీ డాక్టరు చెప్పిన ఆపరేషన్ అనవసరమని అర్థం కాదు. ఆసిఫాబాద్‌లో తక్కువ శాతం ఉంది కదా అని అక్కడ అంతా బాగుందనీ కాదు.

ఆపరేషన్ ఎప్పుడు తప్పదు?

మాయ గర్భసంచి ద్వారాన్ని మూసేసినప్పుడు, బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారినప్పుడు, నొప్పులు బలంగా వస్తున్నా బిడ్డ కిందికి దిగనప్పుడు, బిడ్డ గుండె చప్పుడు ప్రమాదకరంగా తగ్గినప్పుడు సిజేరియన్ రెండు ప్రాణాలను కాపాడుతుంది. అలాంటి సమయంలో ‘నార్మల్ కావాలి’ అని పట్టుబట్టి ఆలస్యం చేయకండి.

అవసరం లేనప్పుడు మాత్రం అది ఒక పెద్ద ఆపరేషన్. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మత్తుమందుతో వచ్చే సమస్యలు ఉంటాయి. కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అసలు చిక్కు తర్వాతి కాన్పులో వస్తుంది. పాత కోత ఉన్న చోట మాయ లోతుగా అతుక్కుపోయే ప్రమాదం ప్రతి సిజేరియన్‌తోనూ పెరుగుతుంది. అప్పుడు రక్తం ఆగక గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి సమస్యలు రావచ్చు.

కరీంనగర్‌లో ఎందుకింత ఎక్కువ?

ఒక్కరినే తప్పుపట్టి తేల్చేసే విషయం కాదిది. సర్వే ప్రకారం తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుల్లో 44.5 శాతం సిజేరియన్లయితే, ప్రైవేటులో అది 81.5 శాతం. ఒకరిద్దరు డాక్టర్లే ఉన్న చిన్న నర్సింగ్‌హోంలో రాత్రంతా నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఉండేవాళ్లు తక్కువ. అరగంటో గంటో పట్టే ఆపరేషన్ ఆసుపత్రికి సులువు, బిల్లూ ఎక్కువ. ఏదైనా జరిగితే బంధువులు గొడవ చేస్తారన్న భయమూ డాక్టర్లకు ఉంటుంది.

మన వైపు నుంచీ ఒత్తిడి ఉంది. ‘పిల్ల నొప్పులు తట్టుకోలేదు, ఆపరేషన్ చేసేయండి’ అని అడిగేది చాలాసార్లు కుటుంబమే. పంచాంగం చూసి ముహూర్తానికి బిడ్డను తీయించుకోవడం మరొకటి. బిడ్డ పెరుగుదల పంచాంగాన్ని చూసి ఆగదు, తొందరపడదు. దీనికి తోడు, మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ అదేనని చాలామంది ముందే ఖాయం చేసుకుంటారు. అందుకే ఏ జిల్లాలోనైనా శాతం తగ్గాలంటే మొదటి కాన్పులోని అనవసర కోతను ఆపాలి.

దీనికి విరుగుడు కూడా కరీంనగర్‌లోనే మొదలైంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. అందుకు కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిని శిక్షణ కేంద్రంగా ఎంచుకుంది. మిడ్‌వైఫ్ తల్లి పక్కనే ఉంటుంది. నడిపిస్తుంది, భంగిమలు మార్పిస్తుంది, ధైర్యం చెబుతుంది. తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను పిలుస్తుంది. మీరు వెళ్లే ఆసుపత్రిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా అని ముందే అడిగి తెలుసుకోండి.

డాక్టర్‌ను ఏమడగాలి?

ఆపరేషన్ చేయాలన్నారు. ప్రాణాపాయం లేని పరిస్థితి అయితే ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు. మర్యాదగా అడిగితే మంచి డాక్టరెవరూ విసుక్కోరు.

- ఆపరేషన్‌కు కారణం ఏమిటి? దాన్ని కేస్ షీటులో రాశారా?
- ఇప్పుడే చేయాలా? కాసేపు ఆగితే తల్లికి, బిడ్డకు వచ్చే ప్రమాదమేంటి?
- ఎన్ని వారాలు నిండాయి? 39 వారాలకు ముందైతే ఎందుకు?
- నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా చూడొచ్చా? నొప్పులు రప్పించే మందు ఇవ్వొచ్చా?
- గతంలో ఒక ఆపరేషన్ అయింది. ఈసారి నార్మల్‌కు అవకాశం ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు ‘ఉంది’ అని కూడా రావచ్చు. పాత కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఉండి, మరే ఇబ్బందీ లేకపోతే చాలామంది నార్మల్‌గా కనగలరు. అయితే అత్యవసర ఆపరేషన్, రక్తం సిద్ధంగా ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం చేయాలి. అందుకే మొదటి కాన్పు డిశ్చార్జి కాగితాలు పారేయకండి. కాగితాలు పోయినా, రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రి 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నిబంధన చెబుతోంది.

‘నొప్పులు మొదలై ఇన్ని గంటలైంది, ఇంకా కాన్పు కాలేదు’ అన్న ఆందోళన సహజం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం, గర్భసంచి ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో 12 గంటల వరకు, తర్వాతి కాన్పుల్లో 10 గంటల వరకు పట్టొచ్చు. తల్లీబిడ్డలు బాగున్నంత వరకు ఆలస్యం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

ఏజెన్సీలో సమస్య వేరు

ఇప్పుడు ఉట్నూర్, నార్నూర్, కెరమెరి, తిర్యాణి వైపు చూద్దాం. ఇక్కడ గూడెం నుంచి రోడ్డు దాకా రావడమే ఒక పరీక్ష. వానాకాలంలో వాగు పొంగితే అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. గర్భిణిని మంచంమీదో ఎడ్లబండిమీదో వాగు దాటించిన వార్తలు దాదాపు ప్రతి ఏటా చదువుతూనే ఉన్నాం.

కాన్పు సమయంలో తల్లులు చనిపోవడానికి మూడు ఆలస్యాలు కారణమని ప్రజారోగ్య నిపుణులు చెబుతారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం మొదటిది. దారిలో ఆలస్యం రెండోది. ఆసుపత్రికి చేరాక డాక్టరో, రక్తమో లేక ‘పైకి తీసుకెళ్లండి’ అనడం మూడోది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. గూడెం నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు చేరడానికే అంతకంటే ఎక్కువ సమయం పట్టే ఊళ్లున్నాయి.

రక్తహీనత ఉన్న తల్లికి ఈ గడువు ఇంకా తగ్గిపోతుంది. అందరూ తట్టుకునే రక్తస్రావాన్ని ఆమె తట్టుకోలేదు. అదే సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా గర్భిణులకు, 53 శాతం మందికి, రక్తహీనత ఉంది. అంటే వాగు దగ్గర వచ్చే ప్రమాదాన్ని తగ్గించే పని మూడో నెలలోనే, ఐరన్ మాత్రతో మొదలు కావాలి.

ఏజెన్సీ కుటుంబాలు ముందే చేయాల్సినవి

మూడో నెల దాటకముందే ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదు చేయించండి. కనీసం నాలుగు సార్లు పరీక్షలు జరగాలి. ప్రతిసారీ బీపీ, బరువు, హిమోగ్లోబిన్ చూడాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత. 7 కంటే తగ్గితే మాత్రలు చాలవు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బీపీ 140/90, అంతకు మించి ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. కాన్పు తర్వాత మరో 180 రోజులు. మాత్ర వేసుకోగానే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. మలం నల్లగా వచ్చినా, కాస్త వికారంగా ఉన్నా భయపడి మానేయకండి, ఏఎన్‌ఎంతో చెప్పండి. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం పెడతారు. అది ఇంటికి తెచ్చి అందరికీ పంచే తిండి కాదు, ఆమె అక్కడే కూర్చుని తినాల్సినది.

ఆదివాసీ కుటుంబాలు సికిల్‌సెల్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. 2023 జులైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. ఈ జబ్బున్న గర్భిణి కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. భార్యాభర్తలిద్దరిలోనూ ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు.

మీ గూడేనికి వాగు అడ్డమైతే, కాన్పు తేదీ వానాకాలంలో పడితే, నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉండకండి. వారం పది రోజుల ముందే ఆసుపత్రికి దగ్గర్లోని బంధువుల ఇంటికి మారండి. అలాంటి వాళ్లు లేకుంటే, ముందుగా ఆసుపత్రిలో ఉండే ఏర్పాటు గురించి ఏఎన్‌ఎంనో పీహెచ్‌సీ డాక్టర్‌నో అడగండి. రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లు ముందే అనుకోండి. పెద్దాయన ఊళ్లో లేకపోయినా ఆమెను తీసుకెళ్లే నిర్ణయం ఎవరు తీసుకోవాలో కూడా ఇంట్లో తేల్చుకోండి. మొదటి ఆలస్యం అక్కడే తగ్గుతుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే 108

- ఏ నెలలోనైనా రక్తస్రావం
- తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్
- ముఖం, చేతులు ఉబ్బడం
- బిడ్డ కదలికలు తగ్గడం
- నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం
- చలితో జ్వరం. ఏజెన్సీలో అది మలేరియా కావచ్చు
- కాన్పు తర్వాత గుడ్డలు తడిసి ముద్దయ్యేంత రక్తం పోవడం

మామూలు పరీక్షలకు వెళ్లి రావడానికి 102 అమ్మ ఒడి వాహనం ఉంది. ప్రమాదంలో మాత్రం 108కే ఫోన్ చేయండి.

డబ్బులు అడిగితే?

2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు పూర్తిగా ఉచితం. సిజేరియన్ అయినా అంతే. మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను ప్రయాణం, నార్మల్‌కు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజుల భోజనం అందులోనే ఉన్నాయి. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేస్తే వైద్యం కూడా ఉచితమే. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టర్ పరీక్షలు చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని 2016లోనే కేంద్రం సూచించింది.

ఎవరైనా డబ్బులు అడిగితే ముందు సూపరింటెండెంట్‌కు, తర్వాత జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. ప్రైవేటు ఆసుపత్రి అయితే ఛార్జీల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి. అది లేకపోతే దాని గురించీ జిల్లా వైద్యాధికారికే చెప్పండి.

ప్రభుత్వం చేయాల్సిందేంటి?

2014-16లో తెలంగాణలో లక్ష కాన్పులకు 81 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 43కు తగ్గింది. కాన్పులు ఆసుపత్రులకు మారడం, 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ వంటి పథకాలు, 102, 108 వాహనాలు అందుకు తోడ్పడ్డాయి. తల్లి ఆసుపత్రికి చేరాక ఏం జరుగుతోందన్నది ఇప్పుడు చూడాల్సిన విషయం.

కరీంనగర్‌లో ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, ఏ రకం కాన్పుల్లో ఎన్ని ఆపరేషన్లు చేసిందో లెక్క చెప్పాలి. తొలి కాన్పులు, పాత కోత ఉన్నవి, కవలలు అంటూ కాన్పులను పది వర్గాలుగా విడదీసి చూసే రాబ్సన్ పద్ధతిని ఇందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అలా చూస్తే కోత ఎక్కడ అనవసరమో తెలుస్తుంది. ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో కావాల్సింది వాగులపై వంతెనలు, దగ్గర్లో ఆపరేషన్ చేయగల డాక్టరు, మత్తు డాక్టరు, నిల్వ ఉన్న రక్తం. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగతావి ఉండి ప్రయోజనం లేదు.

ఈ రెండు చోట్లా మీరు అడిగితేనే ఈ పనులు కదులుతాయి. గ్రామసభలో ఈసారి సీసీ రోడ్డుతో పాటు ఇదీ అడగండి: ‘రాత్రి రెండింటికి మా ఊళ్లో ఒకామెకు నొప్పులొస్తే, ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు?’