లారీ ఎగ్జాస్టు లీకు

డీజిల్ ఇంజనులో ఇంధనం మండిన తరువాత వెలువడే వేడి వాయువులను సేకరించి, వాటి మోతను తగ్గించి, మనుషులకు దూరంగా బయటికి పంపే గొట్టాలు, పెట్టెల అమరికను ఎగ్జాస్టు వ్యవస్థ అంటారు. వాడుకలో దీనినంతటినీ "సైలెన్సర్" అనడం కద్దు. నిజానికి సైలెన్సర్ ఇందులో ఒక భాగం మాత్రమే. ఈ మార్గంలో పగులు, తుప్పు రంధ్రం లేదా వదులైన అతుకు ఏర్పడి వాయువు మధ్యలోనే బయటపడడమే ఎగ్జాస్టు లీకు. లీకైన భాగాన్ని బాగుచేయించాలా, కొత్తది వేయించాలా అన్నది ఆ భాగం ధరను మాత్రమే బట్టి తేల్చదగినది కాదు. లీకు ఎక్కడ ఉన్నది, ఎందువలన వచ్చింది, దాని చుట్టూ లోహం ఎంత గట్టిగా మిగిలి ఉన్నది అనే మూడు విషయాలపై ఈ నిర్ణయం ఆధారపడి ఉంటుంది.

వ్యవస్థలోని భాగాలు

ఇంజను సిలిండర్లకు ఆనుకొని పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ ఉంటుంది. దానికి, ఇంజనుకు మధ్య గ్యాస్కెట్ ఉంటుంది. మానిఫోల్డ్ నుండి వాయువు టర్బోఛార్జర్‌లోనికి వెళ్లి దాని చక్రాన్ని తిప్పుతుంది. అటుపిమ్మట గొట్టం, ఇంజను అదురును తట్టుకొనేందుకు ముడతలతో చేసిన వంగే గొట్టం, సైలెన్సర్, చివరి గొట్టం వరుసగా ఉంటాయి. బరువు లాగుతున్నప్పుడు టర్బోకు ముందు వాయువు వేడి 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరవచ్చు. అందువలన ఒక చోట పనికివచ్చే అతుకు మరొక చోట నిలవదు.

లీకు వలన నష్టాలు

* ఆరోగ్యం: కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. డీజిల్ ఇంజను దీనిని పెట్రోలు ఇంజను కంటే తక్కువగా వెలువరించినా, క్యాబిన్ నేలలోని సందుల గుండా లోపల చేరితే ప్రమాదకరమే. ఇంజను ఆపకుండా క్యాబిన్‌లో నిద్రించే డ్రైవరుకు, క్లీనరుకు ఈ ముప్పు ఎక్కువ. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే వెంటనే బయటి గాలిలోనికి వచ్చి, వైద్యుని సంప్రదించాలి. డీజిల్ పొగ మానవులలో క్యాన్సర్‌ను కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.
* ఇంజను: టర్బోకు ముందు లీకు ఉంటే చక్రాన్ని తిప్పవలసిన శక్తి వృథా అవుతుంది. ఇంజనుకు గాలి చాలదు. లాగుడు తగ్గి, నల్లని పొగ వచ్చి, డీజిల్ ఖర్చు పెరుగుతుంది.
* అగ్ని ప్రమాదం: బయటికి చిమ్మే వేడి వాయువు దగ్గరలోని వైర్లను, బ్రేకు గొట్టాలను, డీజిల్ పైపులను కాల్చవచ్చు.

లీకును గుర్తించడం

అతుకుల వద్ద నల్లని మసి చార పడడం ముఖ్యమైన గుర్తు. చల్లని ఇంజనును స్టార్టు చేసినప్పుడు టిక్ టిక్ మనే శబ్దం వచ్చి, వేడెక్కిన తరువాత తగ్గితే మానిఫోల్డ్ లేదా గ్యాస్కెట్ లీకును అనుమానించాలి; వేడికి లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకొనడమే శబ్దం తగ్గడానికి కారణం. ఇంజను చల్లారిన తరువాత చివరి గొట్టం గుండా తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకులపై సబ్బు నీరు పూస్తే లీకు ఉన్న చోట బుడగలు వస్తాయి. నడుస్తున్న ఇంజను వద్ద చేతితో వెతకరాదు.

మరమ్మతు సరిపోయే సందర్భాలు

* గ్యాస్కెట్ కాలిపోయి, మానిఫోల్డ్ బాగున్నప్పుడు గ్యాస్కెట్ మార్చితే చాలును. అయితే మానిఫోల్డ్ ముఖంపై ఉక్కు స్కేలు నిలిపి, వంకర ఉన్నదేమో చూడాలి. కొద్దిపాటి వంకరను మిషనుపై చదును చేయించవచ్చు. వంకరను వదలివేస్తే కొత్త గ్యాస్కెట్ కూడా త్వరలోనే కాలిపోతుంది.
* క్లాంపు వదులైనా, బోల్టు విరిగినా వాటిని మాత్రమే మార్చవచ్చు.
* గొట్టం గట్టిగా ఉండి, ఒక్కచోట మాత్రమే బీటలిచ్చినప్పుడు వెల్డింగ్ చాలాకాలం నిలుస్తుంది.

మార్చవలసిన సందర్భాలు

* తుప్పు పట్టిన సైలెన్సర్: మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి చల్లారి, ఆమ్లాలతో కలిసి లోపల నిలుస్తుంది. తుప్పు లోపలి నుండి బయటికి వస్తుంది. కాబట్టి పైకి ఒక రంధ్రం కనిపించేసరికి చుట్టూ రేకు పలుచబడి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చితే దిగబడే రేకుపై వెల్డింగ్ నిలవదు.
* వంగే గొట్టం: దీనిని వెల్డింగ్ చేస్తే వంగే గుణం పోతుంది. అదురు అంతా పక్క గొట్టం మీద, టర్బో మీద పడి, అక్కడ కొత్త పగులు వస్తుంది.
* పగిలిన మానిఫోల్డ్: పోత ఇనుమును ముందుగా వేడిచేసి, నికెల్ కడ్డీతో అతికి, నెమ్మదిగా చల్లార్చాలి. ఇంత చేసినా పగులు పక్కనే మళ్లీ రావచ్చు. కొత్తది దొరకనప్పుడు మాత్రమే ఈ పని చేయించడం మంచిది.

రేకు చుట్టి కట్టడం, లప్పం పూయడం వంటివి లారీని దగ్గరలోని షెడ్డుకు చేర్చుకొనడానికి చేసే తాత్కాలిక ఉపాయాలు మాత్రమే.

బి.ఎస్.-6 లారీలు

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోనికి వచ్చాయి. ఈ లారీలలో మసిని పట్టే వడపోత పెట్టె, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే పెట్టె ఉంటాయి. రెండవదాని కొరకు 32.5 శాతం యూరియా గల ద్రవాన్ని పొగలోనికి చిమ్ముతారు. అతుకుల వద్ద తెల్లని పొడి పేరుకొంటే ఈ ద్రవం కారుతున్నదని అనుమానించాలి. ఈ వ్యవస్థలో లీకు ఉంటే సెన్సార్ల కొలతలు తప్పవచ్చు. పట్టిన మసిని లోపలనే కాల్చివేసే సమయంలో వడపోత పెట్టె మరింత వేడెక్కుతుంది కనుక దానిపై మామూలు అతుకులు వేయరాదు. వాటి గ్యాస్కెట్లు, క్లాంపులు తయారీదారు సూచించినవే వాడాలి. పెట్టెను తీసివేసి ఖాళీ గొట్టం బిగించడం చట్టవిరుద్ధం.

ఖర్చు లెక్క

భాగం ధరకు, కూలికి తోడు లారీ నిలిచిపోయిన రోజు నష్టాన్ని కూడా కలిపి, ఆ పని నిలిచే నెలలతో భాగించాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ: అతుకుకు 1,500 రూపాయలు, ఒక రోజు నష్టం 3,000 రూపాయలు, మొత్తం 4,500. పలుచబడిన రేకుపై అది 4 నెలలు నిలిస్తే నెలకు 1,125 రూపాయలు పడుతుంది. కొత్త సైలెన్సర్‌కు కూలితో 12,000, రోజు నష్టం 3,000, మొత్తం 15,000. అది 36 నెలలు నిలిస్తే నెలకు సుమారు 417 రూపాయలే. అదే 4,500 రూపాయల అతుకు గట్టి లోహంపై 24 నెలలు నిలిస్తే నెలకు సుమారు 188 రూపాయలు. అప్పుడు మరమ్మతే లాభం. లెక్క ఒకటే అయినా, మిగిలిన లోహపు గట్టితనాన్ని బట్టి జవాబు మారుతున్నది.

మూలకారణం

మరమ్మతు చేసినా, మార్చినా, లీకుకు కారణాన్ని సరిచేయకపోతే అది తిరిగి వస్తుంది. విరిగిన ఇంజను మౌంటింగులు, ఊడిన సైలెన్సర్ బ్రాకెట్లు, బలవంతంగా లాగి బిగించిన గొట్టాలు పగుళ్లకు సాధారణ కారణాలు. పని పూర్తయిన తరువాత ఇంజనును ఒకసారి వేడెక్కించి, చల్లారనిచ్చి, బోల్టుల బిగువును, అతుకులను మళ్లీ పరీక్షించాలి.