పశువుల కంట తెలుపు

మల్యాల ప్రాంతములో ఒక రైతు ఇంట దూడ కన్ను ఎఱ్ఱబడి, నీరు కారి, నల్లగ్రుడ్డు మీద తెల్లమచ్చ పడినదనుకొందాము. ‘పువ్వు వేసింది’ అంటారు. ఆ ఇంటి ముసలి కుక్క కళ్ళలోనూ నీలపు మసక కనబడుతున్నది. ఈ రెండును ఒకే జబ్బా? కాదు. తెలుపు కంటిలో ఏ భాగమున ఉన్నదో మొదట తెలిసికొనవలెను.

కంటికి ముందు గాజు వంటి పొర కార్నియా. దాని వెనుక కనుపాప, ఆ వెనుక కటకము ఉంటవి. కటకములో రక్తనాళములు లేవు. చుట్టునున్న ద్రవమే దానిని పోషిస్తుంది. అందలి మాంసకృత్తులు తీరుగా అమరి ఉండుటచేతనే వెలుగు దానిగుండా పోయి రెటీనాపై పడుతుంది. ఆ అమరిక చెడితే, ఉడికిన గ్రుడ్డులోని సొన వలె కటకము తెల్లబడుతుంది. ఇదే శుక్లము.

కటకములో జీవితాంతము కొత్త తంతువులు పుడుతుంటవి. పాతవి నడుమకు ఒత్తుకొని గట్టిపడతవి. అందువల్ల ఏడెనిమిదేండ్లు దాటిన కుక్క కంటిలో నీలిచాయ వస్తుంది. ఇది శుక్లము కాదు, చూపు చాలవరకు నిలిచే ఉంటుంది. చీకటిలో టార్చి వేసి చూడండి. కంటి వెనుకనున్న అద్దము వంటి పొర మెరిస్తే వెలుగు లోపలికి పోతున్నదన్నమాట. ముదిరిన శుక్లములో ఆ మెరుపు కనబడదు.

శుక్లమునకు కారణములు పలు విధములు. మధుమేహమున్న కుక్క కటకములో చక్కెర సార్బిటాల్‌గా మారి, నీటిని పీల్చి, తంతువులను ఉబ్బజేస్తుంది. గుఱ్ఱములలో కంటి లోపలి వాపు మాటిమాటికి వచ్చుట ముఖ్యకారణము. చూలు ఆవుకు కొన్ని వైరస్‌లు సోకితే దూడ శుక్లముతోనే పుట్టవచ్చును. కొన్ని జాతుల కుక్కలలో కటకమును పట్టియుంచు దారములు తెగి, అది ముందుకు జారుతుంది. అప్పుడు ద్రవము బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది; గంటలలో వైద్యము జరుగకపోతే కన్ను పోవచ్చును.

ఇక దూడ సంగతి. దాని తెలుపు కటకములో లేదు, కార్నియా మీద ఉన్నది. ‘మొరాక్సెల్లా బోవిస్’ అను బాక్టీరియాను ఈగలు ఒక పశువు నుండి మరొకదానికి మోస్తవి. వేళకు మందు వేస్తే సాధారణముగా నయమవుతుంది. కాని ఉప్పు నమిలి కంటిలో ఊదుట, పొగాకు రసము పిండుట వంటి మోటు వైద్యము పుండును పెంచి, పోని చూపును పోగొట్టవచ్చును.

శుక్లమును కరిగించు చుక్కల మందు లేదు, శస్త్రచికిత్సే మార్గము. 1967లో చార్లెస్ కెల్మన్ మనుష్యులకై ప్రవేశపెట్టిన, అతిధ్వనులతో కటకమును పొడిచేసి తీయు పద్ధతినే నేడు కుక్కలకును వాడుతున్నారు. రెటీనా పనిచేస్తున్నదో లేదో ముందు పరీక్షించవలెను. అది చెడితే కటకము తీసినా ఫలము లేదు.

మల్యాల ఉన్న జగిత్యాల జిల్లాలోనే, కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. విద్యార్థులారా! మీ ఇంటి పశువు కంట తెలుపు కనబడితే ఈగలను తోలి, ఎండ తగలని చోట వేరుగా కట్టి, పశువైద్యునికి కబురు చేయండి. ఉప్పు పట్టుకొన్న చేతిని ఆపండి. నోరులేని జీవికి మీరు చేయగల మొదటి వైద్యము అదే.